ఏ అలవాటూ లేనివారికి నోటి క్యాన్సర్: పాఠకుల ప్రశ్నలకు వైద్యుని జవాబులు

పొగాకు వల్ల వచ్చే నోటి జబ్బుల గురించి గత సంచికలో రాసిన తరువాత అందిన ఉత్తరాలలో చాలావరకు ఒకే మాటతో మొదలయ్యాయి: "మా ఇంట్లో ఎవరికీ ఏ అలవాటూ లేదు." ఆ మాట కొందరి విషయంలో అక్షరాలా నిజం. మరికొందరి విషయంలో, వారు అబద్ధం చెప్పకపోయినా, సగమే నిజం. ఈ రెండు రకాల ఉత్తరాల నుంచీ కొన్నింటిని ఎంచుకుని ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మగారికి 66 సంవత్సరాలు. చుట్ట, బీడీ, మద్యం మాట అటుంచి, ఆకువక్క కూడా పేరంటాలలో పుచ్చుకుని ఇంటికి తెచ్చేదే తప్ప నోట్లో వేసుకునేది కాదు. నాలుక ఎడమ అంచున పుండు లేచి నాలుగు నెలలైనా మానలేదు. పూతమందులు, బి-కాంప్లెక్స్ మాత్రలు వాడాము. చివరకు ముక్క తీసి పరీక్షిస్తే స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే నోటి పైపొర కణాలలో పుట్టే క్యాన్సర్ అని వచ్చింది. చూడటానికి వచ్చిన ప్రతి బంధువూ "రహస్యంగా ఏమైనా నమిలేదా?" అని మమ్మల్ని పక్కకు పిలిచి అడుగుతుంటే, ఆవిడ జబ్బుకంటే ఆ ప్రశ్నకే ఎక్కువగా కుంగిపోతున్నారు. అసలు ఎందుకు వచ్చింది? మెడలో గడ్డ ఏదీ లేకపోయినా మెడకు కూడా ఆపరేషన్ చేయాలంటున్నారు. అది నిజంగా అవసరమా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ అమ్మగారికి ముందుగా చెప్పవలసిన మాట, ఈ జబ్బు ఆవిడ చేసిన ఏ తప్పుకూ ఫలితం కాదని. ఈ మాట ఓదార్పు కోసం అనడం లేదు, వైద్యశాస్త్రం చెప్పేదే అది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద పెదవి, నోటి క్యాన్సర్లు కొత్తగా బయటపడినవారు సుమారు 3 లక్షల 90 వేల మంది కాగా, వారిలో 1 లక్షా 43 వేల మందికి పైగా మన దేశంవారే. ఇంత పెద్ద సంఖ్యకు ప్రధాన కారణం పొగాకు, వక్క, మద్యం అనడంలో సందేహం లేదు. అయితే ఎక్కువమందిలో కనిపించే కారణాన్ని అందరికీ అంటగట్టడం వల్లనే మీ బంధువులు అడిగినటువంటి ప్రశ్నలు పుడుతున్నాయి. రోడ్డు ప్రమాదాలకు తాగి నడపడం పెద్ద కారణమే గానీ, ప్రమాదంలో గాయపడిన ప్రతివాడూ తాగి ఉన్నాడని ఎవరం అనుకోము కదా.

నోటి లోపలి పొర, చర్మంకంటే వేగంగా, ఎప్పటికప్పుడు పాత కణాలను రాల్చి కొత్తవాటిని తయారు చేసుకుంటూ ఉంటుంది. కణం రెండుగా చీలే ప్రతిసారీ అందులోని జన్యువుల రాత మొత్తం తిరిగి నకలు కావాలి. ఆ నకలులో దొర్లే పొరపాట్లను చాలావరకు శరీరమే దిద్దుకుంటుంది, దిద్దుకోలేని కణాలను చంపేస్తుంది. పొగాకు ఆ పొరపాట్ల సంఖ్యను విపరీతంగా పెంచుతుంది. పొగాకు లేనంతమాత్రాన పొరపాట్లే జరగవని కాదు. వయసు పెరిగేకొద్దీ అవి పోగుపడతాయి. ఏ అలవాటూ లేకుండా నోటి క్యాన్సర్ వచ్చేవారిలో అరవై దాటిన స్త్రీలు ఎక్కువగా కనిపించడం, వారిలో కూడా నాలుక అంచు, చిగురు వంటి చోట్లనే పుండు లేవడం అనేక దేశాల వైద్యులు గమనించిన విషయం. మీ అమ్మగారి వయసు, పుండు ఉన్న చోటు ఆ వర్ణనకు సరిగ్గా సరిపోతున్నాయి.

అలవాట్లు లేనివారిలో వెతకదగిన ఇతర కారణాలు కొన్ని ఉన్నాయి. ఏళ్ల తరబడి నోట్లో ఉన్న తెల్లమచ్చ గానీ, అంతకంటే ప్రమాదకరమైన ఎర్రమచ్చ గానీ క్యాన్సర్‌గా మారవచ్చు. ముఖ్యంగా వయసు మళ్లిన స్త్రీలలో చిగుళ్ల వెంట మొదలై, మెల్లగా పాకుతూ, పైకి పులిపిరిలా గరుకుగా తేలే ఒక రకం తెల్లమచ్చ పొగాకు వాసన కూడా తెలియనివారిలో వస్తుంది, తీసేసినా మళ్లీ వస్తుంది, వారిలో చాలామందికి చివరకు క్యాన్సర్‌గా మారుతుంది. మూలుగ మార్పిడి చేయించుకున్నవారిలో, అవయవ మార్పిడి తరువాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారిలో ముప్పు ఎక్కువ. ఇరవైలలోనో ముప్పైలలోనో ఉన్న వ్యక్తికి ఏ అలవాటూ లేకుండా నోటి క్యాన్సర్ వస్తే, ఫాంకోని అనీమియా అనే అరుదైన జన్యు లోపం ఉందేమోనని వైద్యులు అనుమానించాలి, ఎందుకంటే ఆ లోపం ఉన్నవారి శరీరం మామూలు మోతాదు రేడియేషన్‌ను, కొన్ని కీమో మందులను తట్టుకోలేదు. ఇంట్లో ఇతరులు తాగే పొగను ఏళ్ల తరబడి పీల్చినవారిలో కూడా నోటి క్యాన్సర్ కొంత ఎక్కువగా ఉన్నట్లు అధ్యయనాలు చూపుతున్నాయి. వీటిలో ఏదీ వర్తించని రోగులు కూడా ఉంటారు. మీ అమ్మగారు వారిలో ఒకరైతే, కారణం కోసం మీరు చేసే వెతుకులాటను అక్కడితో ఆపేయడం మంచిది.

నాలుగు నెలల ఆలస్యం గురించి ఒక మాట చెప్పాలి. అది ఒక్క మీ ఇంటి కథ కాదు. అలవాటు లేదు కాబట్టి క్యాన్సర్ కాదులే అని రోగి అనుకుంటాడు, రోగిని చూసిన వైద్యుడూ అనుకుంటాడు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక బడిపంతులుగారి భార్యకు నేనే మూడుసార్లు పూతమందు రాసి పంపాను. నాలుగోసారి ఆవిడ రాలేదు. వేరే ఊరిలో మరొక వైద్యుడు ముక్క తీయించాడు. ఆనాటి నుంచి, రెండు వారాలు దాటినా మానని పుండు ఎవరి నోట్లో ఉన్నా, వారి అలవాట్ల సంగతి అడగకముందే నేను బయాప్సీకి, అంటే ముక్క తీసి చేసే పరీక్షకు, కాగితం రాస్తున్నాను.

ఇక మెడ సంగతి. నాలుక నుంచి లసిక నాళాలు నేరుగా మెడలోని గ్రంథులకు వెళ్తాయి, చేతికి తగలనంత చిన్న స్థాయిలో కూడా క్యాన్సర్ కణాలు అక్కడికి చేరి ఉండవచ్చు. గడ్డ కనిపించినప్పుడు చూసుకుందామని ఆగడం మంచిదా, నోటి ఆపరేషన్‌తో పాటే మెడ గ్రంథులను కూడా తీసివేయడం మంచిదా అన్న వివాదం దశాబ్దాలపాటు సాగింది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. 2015లో వారు వెలువరించిన ఫలితాలలో, 500 మంది రోగులను పరిశీలించగా, ముందుగానే మెడకు ఆపరేషన్ చేసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది జీవించి ఉండగా, గడ్డ వచ్చాక చేసినవారిలో 67.5 శాతం మందే జీవించి ఉన్నారు. ఆ వివాదాన్ని చాలావరకు తేల్చింది మన దేశంలో జరిగిన ఆ పరిశోధనే. కాబట్టి మీ వైద్యులు సరైన సలహానే ఇచ్చారు. అలవాటు ఉన్నా లేకపోయినా చికిత్స ఒక్కటే: ముందు శస్త్రచికిత్స, తీసిన భాగం పరీక్షలో కణితి ఎంత లోతుకు దిగింది, గ్రంథులకు పాకిందా అన్నదాన్ని బట్టి రేడియేషన్, అవసరమైతే దానితో పాటు కీమో. రేడియేషన్ ఇచ్చేటట్లయితే అంతకుముందే దంతవైద్యునికి చూపించి, నిలవని పళ్లు ఉంటే తీయించండి. రేడియేషన్ తరువాత పన్ను తీస్తే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

బంధువులకు ఏం చెప్పాలని మీరు అడగలేదు. అయినా చెబుతున్నాను: ఈ పేజీని వారి చేతికి ఇవ్వండి.

ప్రశ్న: నా వయసు 34. సిగరెట్, మందు, గుట్కా, ఖైనీ ఏదీ ముట్టను. కాలేజీ రోజుల నుంచి భోజనం తరువాత వక్కపొడి వేసుకోవడం మాత్రం ఉంది. ఉద్యోగంలో చేరాక అది రోజుకు ఏడెనిమిది ప్యాకెట్ల దాకా వచ్చింది. ఏడాదిగా కారం తగిలితే నోరు మండుతోంది. ఇప్పుడు పానీపూరీ నోట్లో పెట్టుకోవడానికి కూడా నోరు తెరుచుకోవడం లేదు. పొగాకు లేనిదే కదా తింటున్నాను, ఇది ఎందుకు వచ్చింది?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీ ఉత్తరంలోని "మాత్రం" అన్న చిన్న మాట దగ్గరే జబ్బంతా ఉంది. మన ప్రాంతంలో వక్కపొడిని ఎవరూ అలవాటు కింద లెక్కించరు. కిరాణా కొట్టులో జీలకర్ర పక్కన దొరుకుతుంది, హోటల్లో బిల్లుతో పాటు సోంపు పక్కన పెట్టి ఇస్తారు, పూజలో దేవుడి ముందు ఉంచుతాము. అంత మర్యాదస్థురాలిని అనుమానించడం ఎవరికైనా కష్టమే. కానీ పొగాకు కలపని తాంబూలం కూడా, అందులోని వక్క కూడా, మనుషులలో క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన సంపుటంలో నిర్ధారించింది. ఆ సంస్థ పట్టికలో పొగాకును చేర్చిన మొదటి వర్గంలోనే వక్క కూడా ఉంది. తమలపాకు మీద అటువంటి నేరం రుజువు కాలేదు. పొగాకు కలపని తాంబూలంలో దోషి వక్కే. పాన్ మసాలా ప్యాకెట్ మీద పొగాకు లేదని రాసి ఉన్నా అందులో ఉండే ప్రధాన పదార్థం వక్కే కాబట్టి, దాన్ని సురక్షితమనుకోవడం పొరపాటు.

మీరు చెప్పిన లక్షణాలు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే స్థితిని సూచిస్తున్నాయి. 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో స్థిరపడిన అయిదుగురు భారతీయ స్త్రీలలో దీన్ని మొదటగా వర్ణించాడు, ఆ మరుసటి ఏడాది బొంబాయిలో జోషి అనే వైద్యుడు మన దేశపు రోగులలో గుర్తించాడు. వక్కలోని ఆరెకోలిన్ అనే పదార్థం నోటి పొర కింద ఉండే కణాలను పట్టి కొలాజెన్ అనే నారను అవసరానికి మించి తయారు చేయిస్తుంది. వక్కలోని వగరు పదార్థాలు ఆ నారను గట్టిపరచి, శరీరం దాన్ని కరిగించుకోకుండా అడ్డుపడతాయి. అందులో ఎక్కువ మోతాదులో ఉండే రాగి కూడా నారపోగులు ఒకదానితో ఒకటి ముడిపడటానికి తోడ్పడుతుంది. మెత్తగా సాగవలసిన బుగ్గ లోపలి భాగం ఆ విధంగా తాళ్లు బిగించినట్లు అయిపోతుంది. పైపొర పలచబడి పాలిపోతుంది. ఆ పలచబడ్డ పొరకు కారం తగిలినప్పుడే మంట. కారం వల్ల జబ్బు రాలేదు, ఉన్న జబ్బును కారం బయటపెట్టింది. ఆవకాయతో పెరిగిన మనిషి ఉన్నట్టుండి చారులోని మిరియం కూడా ఓర్చుకోలేకపోతే, దాన్ని కడుపులో వేడి అని కొట్టిపారేయకుండా నోరు చూపించుకోవాలి.

మీ చేతి వేళ్లలో చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లను దగ్గరగా చేర్చి, ఒకదాని కింద ఒకటి ఉండేలా నిలువుగా పై పళ్లకు, కింది పళ్లకు మధ్య పెట్టి చూసుకోండి. ఆరోగ్యవంతుడికి తన మూడు వేళ్లు పడతాయి. రెండే పడితే జబ్బు ముదిరినట్లే. వెంటనే వక్కపొడిని పూర్తిగా మానండి, తగ్గించడం చాలదు. ఆ ప్యాకెట్ మీద కూడా ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక ముద్రించాలని మన ఆహార నిబంధనలు చెబుతున్నాయి, ఈసారి కొనబోయే ముందు ఆ చిన్న అక్షరాలు చదవండి. నోరు తెరిచే వ్యాయామాలు, నోటి పొరలోకి ఇచ్చే ఇంజెక్షన్లు, బాగా ముదిరితే నార పట్టీలను కోసి విడదీసే శస్త్రచికిత్స ఉన్నాయి. ఇవి నోరు కొంత తెరుచుకునేలా చేస్తాయి గానీ, పాత నోరు పూర్తిగా తిరిగి రాదు. క్యాన్సర్ ముప్పు కూడా అలవాటు మానిన రోజునే పోదు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఇటువంటి రోగులను 17 ఏళ్లపాటు గమనించినప్పుడు 7.6 శాతం మందిలో క్యాన్సర్ వచ్చింది. అంటే చాలామందికి రాలేదు, కానీ ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేము. అందుకే ఆరు నెలలకొకసారి నోటిని పరీక్ష చేయించుకోవడం మీకు ఇక జీవితకాలపు పని.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. ముప్పై దాటినవారందరినీ ఇంటింటికీ వెళ్లి బీపీ, సుగర్, క్యాన్సర్ల గురించి అడిగి ఫారంలో రాస్తున్నాము. అందులో పొగ తాగుతారా, గుట్కా, ఖైనీ వంటివి వాడతారా అన్న ప్రశ్న ఉంది. మా ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లందరూ లేదనే చెబుతారు. అయినా అంగిలిలో మచ్చలు ఉన్నవాళ్లు కనిపిస్తున్నారు. వారిని ఏమని అడగాలి?
(ఒక కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాకు ఎక్కువ నచ్చిన ప్రశ్న ఇది. మీరు అడిగే ఫారం భాష వేరు, వారు జవాబిచ్చే భాష వేరు. "పొగ తాగడం" అంటే వారి దృష్టిలో మగవాళ్లు సిగరెట్ కాల్చడం. తమది "అడ్డపొగ", అంటే చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని పీల్చడం. పనిచేసుకుంటున్నా ఆరిపోదని, ఎక్కువసేపు వస్తుందని దాన్ని అలా తాగుతారు. ఆ నిప్పు సెగ, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతా ప్రపంచంలో అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్ మన ఉత్తర కోస్తాలో ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణం. డెన్మార్క్‌కు చెందిన దంత రోగనిపుణుడు పింద్‌బోర్గ్, మన దేశ పరిశోధకులతో కలిసి మీ జిల్లా గ్రామాలలో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించాడు. అర్ధ శతాబ్దం క్రితమే మీ జిల్లా వైద్య గ్రంథాలకు ఎక్కింది.

కాబట్టి "అలవాటు ఉందా" అని అడగకండి. "పొద్దున పళ్లు దేనితో తోముకుంటావమ్మా?" అని అడగండి. నస్యం పొడిని చిగుళ్లకు రుద్దుకునే స్త్రీలు మన రెండు రాష్ట్రాలలోనూ ఉన్నారు. వారికి అది పళ్లపొడి. పళ్లపొడులలో, పేస్టులలో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది గానీ, విడిగా కొనే నస్యానికి ఆ నిషేధం వర్తించదు. "పన్ను నొప్పి వస్తే దవడన ఏం పెట్టుకుంటావు?" అని అడగండి. పొగాకు కాడ అని చెప్పేవారు ఉంటారు. "ఆకువక్కలో ఏమేం వేసుకుంటావు? రాత్రి నోట్లో ఉంచుకునే నిద్రపోతావా?" అని అడగండి. "చిన్నప్పుడు చుట్ట తాగేదానివా, ఎప్పుడు మానేశావు?" అని కూడా అడగండి, ఎందుకంటే ఇరవై ఏళ్ల క్రితం మానినవారు ఇప్పుడు లేదని చెప్పడం అబద్ధం కాదు. ఇవన్నీ మందలింపుగా కాక, కబుర్లలో భాగంగా అడిగితేనే నిజమైన జవాబు వస్తుంది. జవాబు ఏదైనా సరే, టార్చిలైటు వేసి అంగిలి, బుగ్గలు, నాలుక అంచులు, నాలుక కింది భాగం చూసి, మచ్చగానీ పుండుగానీ ఉంటే పీహెచ్‌సీకి పంపండి. అలవాటు గడిలో "లేదు" అని రాసి ఉన్నందువల్ల పంపడం మానకండి.

ప్రశ్న: పైపళ్లకు కట్టుడు సెట్టు ఉంది. వదులై కదులుతూ బుగ్గకు ఒకే చోట ఒరుసుకుంటోంది. అక్కడ పుండు పడి నెల దాటింది. ఇది క్యాన్సర్ అవుతుందా?
(ఒక పెద్దాయన, తెనాలి)

జవాబు: మొనదేలిన పన్ను, కుదరని కట్టుడు పళ్లు ఒకే చోట ఏళ్ల తరబడి ఒరుసుకోవడం నోటి క్యాన్సర్‌కు సొంతంగానే కారణమవుతుందా, లేక అప్పటికే మొదలైన మార్పును తొందరపెడుతుందా అన్న విషయంలో నిపుణులలో ఏకాభిప్రాయం లేదు. మీరు చేయవలసిన పని మాత్రం స్పష్టంగా ఉంది. సెట్టును తీసి పక్కన పెట్టి, దంతవైద్యుని చేత సరిచేయించండి. ఒరిపిడి వల్ల వచ్చిన పుండైతే రెండు వారాలలో మానుతుంది. మానకపోయినా, వేలితో తాకినప్పుడు పుండు అంచు గట్టిగా తగిలినా, బయాప్సీ తప్పనిసరి. నొప్పి లేదు కదా అని ధైర్యపడవద్దు, తొలి దశలో క్యాన్సర్ పుండు తరచుగా నొప్పి పెట్టదు.

ప్రశ్న: రెండు బుగ్గల లోపల సాలెగూడులా తెల్లని గీతలు వచ్చాయి. లైకెన్ ప్లేనస్ అన్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే ఇది క్యాన్సర్‌గా మారుతుందని ఉంది. నాకు ఏ అలవాటూ లేదు. వయసు 47. నిద్ర పట్టడం లేదు.
(ఒక గృహిణి, అనంతపురం)

జవాబు: మారే అవకాశం ఉంది, కానీ సుమారు నూటికి ఒకరిలో, అది కూడా చాలా ఏళ్ల కాలంలో. మిగతా 99 మందికి అది వచ్చిపోతూ ఉండే మంట మాత్రమే. రెండు వైపులా ఒకే రీతిగా, జల్లెడలా ఉండే తెల్లని గీతలు ఈ జబ్బు లక్షణం. అవి ఒక్క వైపే ఉన్నా, మధ్యలో ఎర్రగా చెక్కుకుపోయినట్లు ఉన్నా, నాలుక మీదకు పాకినా కొంచెం ఎక్కువ జాగ్రత్త అవసరం. మంట ఉన్నప్పుడు వైద్యుడు ఇచ్చిన స్టెరాయిడ్ పూతను రాసుకోండి, నోటిలో ఏ భాగంలోనైనా కొత్తగా గట్టిపడటం, మానని పుండు కనిపిస్తే వెంటనే, లేకపోతే ఏడాదికి ఒకటి రెండుసార్లు అదే వైద్యునికి చూపించండి. ప్రతిసారీ ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోవడం మంచి అలవాటు, మాటల్లో చెప్పలేని మార్పును పాత ఫోటో చూపిస్తుంది. రాత్రి నిద్రకు భంగం కలిగించవలసిన జబ్బు మాత్రం కాదు.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాము. ఇక్కడి డాక్టర్లు పొగ తాగనివారిలో నోటి క్యాన్సర్‌కు హెచ్.పి.వి. వైరస్ కారణమని చెబుతూ, మా పదకొండేళ్ల అబ్బాయికి టీకా వేయించమంటున్నారు. ఆ టీకా ఆడపిల్లలకు కదా? హైదరాబాదులో ఉన్న మా నాన్నగారు ఏటా రక్తపరీక్షతో క్యాన్సర్ తెలుసుకోవచ్చని ఒక ప్యాకేజీ చేయించుకుంటున్నారు. అది ఉపయోగమేనా?
(ఒక పాఠకురాలు)

జవాబు: అక్కడి వైద్యులు చెబుతున్న క్యాన్సర్, నేను పైన చెబుతున్న క్యాన్సర్ పక్కపక్క ఇళ్లలో ఉన్నా ఒకటి కాదు. టాన్సిల్స్, నాలుక వెనుక మొదటి భాగం ఉండే గొంతు భాగానికి వచ్చే క్యాన్సర్లలో అమెరికాలో సుమారు 70 శాతం హెచ్.పి.వి. వల్ల వస్తున్నాయని ఆ దేశపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నోట్లో, అంటే నాలుక ముందు భాగం, బుగ్గ, చిగురు వంటి చోట్ల వచ్చే క్యాన్సర్లలో ఈ వైరస్ పాత్ర చాలా తక్కువ. రాజమహేంద్రవరం అమ్మగారి జబ్బును ఈ వైరస్‌కు అంటగట్టి, మరొక రకం గుసగుసలకు తావు ఇవ్వవద్దని కూడా ఇక్కడే చెబుతున్నాను. అయితే మీ అబ్బాయికి టీకా వేయించండి. అది మగపిల్లలకు కూడా ఇవ్వవలసినదే, పదకొండు, పన్నెండేళ్ల వయసు దానికి సరైన సమయం. గొంతు క్యాన్సర్‌ను నివారించే ప్రయోజనాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఆ టీకా ఉపయోగాలలో చేర్చింది.

మీ నాన్నగారి ప్యాకేజీ డబ్బు వేరే పనికి ఉపయోగపడుతుంది. నోటి క్యాన్సర్‌ను ముందుగా పట్టే రక్తపరీక్ష ఏదీ వాడుకలో లేదు. నోరు మన కంటికి కనిపించే అవయవం, దాన్ని వెలుతురులో చూడటమే పరీక్ష. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి 1,91,873 మంది మీద ఈ విధంగా నోటిని కంటితో చూసే పరీక్షను పరిశీలించినప్పుడు, పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో మరణాలు తగ్గాయి గానీ, అలవాట్లు లేనివారిలో అటువంటి లాభం రుజువు కాలేదు. అందువల్ల ఏ అలవాటూ లేని ఆరోగ్యవంతులందరూ ఏటా ఆసుపత్రికి వరుస కట్టాలని నేను చెప్పను. పళ్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు దంతవైద్యుణ్ణి నాలుక అంచులు కూడా చూడమని అడిగితే చాలు. ఏదైనా కనిపించినప్పుడు మాత్రం రెండు వారాలకు మించి ఆగవద్దు.

ప్రశ్న: ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని మా ఊళ్లో అందరూ అంటున్నారు. పరీక్ష లేకుండా పసరు మందు వాడి చూడవచ్చా?
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: ముక్క తీయడం వల్ల నోటి క్యాన్సర్ పాకదు. బయాప్సీ చేయించుకున్నాక భయపడి ఆరు నెలలు కనిపించకుండా పోయి, పెరిగాక తిరిగి వచ్చినవారిని చూసి పుట్టిన నమ్మకం అది. పసరు మందు వాడే కాలంలో పుండు పెరుగుతుంది, ఇప్పుడు నాలుకలో చిన్న భాగం తీస్తే సరిపోయేది, తరువాత దవడ ఎముకతో సహా తీయవలసి రావచ్చు. డబ్బు ఇబ్బంది ఉంటే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో వైద్యసేవ పథకాల కింద క్యాన్సర్ చికిత్స అందుతుంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడుపుతున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఈ జబ్బుకే ప్రత్యేకమైనవి. మీ ఊళ్లోనే బయాప్సీ చేయించుకుంటే, రిపోర్టుతో పాటు గాజు స్లైడ్లను, ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మెను కూడా ల్యాబు నుంచి అడిగి తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్లండి. చాలావరకు వాటినే తిరిగి చూసి నిర్ధారిస్తారు, రెండోసారి ముక్క తీయవలసిన పని ఉండదు.